విద్యా, సామాజిక పరిశోధనల్లో పద్ధతి లోపాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎం.ఎడ్., పీహెచ్.డి. విద్యార్థులు, బడిలో పాఠాలు చెబుతూనే పరిశోధన చేస్తున్న ఉపాధ్యాయులు, పత్రికల్లో సర్వే వార్తలు చదివి అనుమానపడే పాఠకులు తరచుగా వేసే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలున్నాయి. వీలైనంతవరకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో జరిగిన అధ్యయనాలనే ఉదాహరణలుగా తీసుకున్నాం. ప్రపంచస్థాయిలో చర్చకు వచ్చిన పద్ధతి సమస్యల్లో చాలావాటికి మన పల్లె బడులే ప్రయోగశాలలయ్యాయి కాబట్టి ఇందుకు దూరం వెళ్లనవసరం లేదు.

పద్ధతి లోపమంటే లెక్కల్లో తప్పు చేయడమేనా?

కాదు. లెక్కలో తప్పు దొర్లితే మళ్లీ లెక్క వేసుకోవచ్చు. ఎవరిని అడిగాం, ఏమని అడిగాం, అడగడానికి వెళ్లిన మనిషి వాళ్ల కళ్లకు ఎవరిలా కనిపించాడు, వాళ్లు చెప్పిన మాటను దేనికి కొలతగా తీసుకున్నాం అనే నాలుగు చోట్ల జరిగే తప్పు మాత్రం దత్తాంశం (డేటా) చేతికొచ్చాక దిద్దుకోవడానికి వీలుపడదు. గడువు ముంచుకొచ్చాక ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్ తెరిచి, ఇప్పుడు ఏ పరీక్ష వేయాలని అడిగే పరిశోధకుడికి కావలసిన సలహా నిజానికి ఏడాది క్రితం, ప్రశ్నావళి అచ్చుకు వెళ్లక ముందు అందవలసింది. ఈ పుటలో చాలా సమాధానాలు గణాంకశాస్త్రాన్ని పక్కనపెట్టి క్షేత్రపని చుట్టూ తిరగడానికి కారణం అదే.

పిల్లల చదువు గురించి రెండు పెద్ద సర్వేలు రెండు రకాలుగా ఎందుకు చెబుతాయి?

అవి కొలిచేది ఒకే వస్తువును కాదు కాబట్టి. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఆధ్వర్యంలో 2005 నుంచి జరుగుతున్న అసర్ సర్వే గ్రామీణ జిల్లాల్లో ఇంటింటికీ వెళ్తుంది. సాధారణంగా జిల్లాకు 30 గ్రామాలను, గ్రామానికి 20 ఇళ్లను ఎంచుకుని, 5 నుంచి 16 ఏళ్ల పిల్లలను ఒక్కొక్కరిని కూర్చోబెట్టుకుని అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ చదివిస్తుంది. బడికి వెళ్లని పిల్లవాడు, ఆ రోజు బడి ఎగ్గొట్టిన పిల్లవాడు కూడా ఇందులో దొరుకుతారు. కేంద్ర ప్రభుత్వం నిర్వహించిన నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే, అంటే న్యాస్, బడిలో జరిగేది. 2021 నవంబరు 12న దేశమంతటా ఒకే రోజున దాదాపు 34 లక్షల మంది విద్యార్థులు ఆ పరీక్ష రాశారు. అది ఆ రోజు బడికి వచ్చిన పిల్లలకు, తమ తరగతి స్థాయి పాఠ్యాంశాలపై, బహుళైచ్ఛిక ప్రశ్నలతో పెట్టిన పరీక్ష. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవలసిన చోట, ఏమీ రాని పిల్లవాడికి కూడా సగటున 25 శాతం మార్కులు వస్తాయన్న సంగతి జిల్లా సగటులను పోల్చే వార్తల్లో కనిపించదు.

ఈ తేడాల వల్ల అంకెలు వేరుగా ఉండటంలో వింత లేదు. అయితే అంకెలు ఎలా ఉన్నా రాష్ట్రాల వరుస కాస్తయినా కలవాలి కదా? డగ్ జాన్సన్, ఆండ్రెస్ పరాడో 2021లో ప్రచురించిన విశ్లేషణ ఈ విషయాన్నే పరిశీలించింది. 2017 న్యాస్ ఫలితాలను అసర్‌తోనూ, భారత మానవాభివృద్ధి సర్వేతోనూ పక్కపక్కన పెట్టి చూస్తే న్యాస్‌లోని రాష్ట్ర సగటులు వాస్తవం కంటే ఎక్కువగా ఉన్నాయనీ, రాష్ట్రాల వరుసకు మిగతా సర్వేల వరుసతో పొంతన లేదనీ వారు తేల్చారు. అసర్‌ను కూడా వారు వెనకేసుకు రాలేదు. రాష్ట్రాలను పోల్చడానికి అది పనికొస్తుంది కానీ, ఒక జిల్లా సగటును గానీ, ఏడాదికేడాదికి వచ్చే మార్పును గానీ దాన్నిబట్టి నమ్మకంగా చెప్పడం కష్టమన్నారు. కాబట్టి "మా జిల్లా గత అసర్ కంటే మూడు శాతం వెనకబడింది" అని మొదలయ్యే వ్యాసాన్ని అనుమానంతోనే చదవాలి.

అలాగైతే అధికారిక పరీక్షల మార్కులను పరిశోధనకు వాడకూడదా?

వాడవచ్చు. ఆ మార్కులు ఎలా పుట్టాయో తెలుసుకుని వాడాలి. అభిజిత్ సింగ్ మధ్యప్రదేశ్‌లో చేసిన అధ్యయనంలో, అధికారిక పరీక్ష రాసిన పిల్లలకే స్వతంత్ర పర్యవేక్షణలో మళ్లీ పరీక్ష పెట్టి చూస్తే, మొదటి ఫలితాలు పిల్లల స్థాయిని బాగా పెంచి చూపినట్లు బయటపడింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి పరీక్షను కాగితంపై కాకుండా ట్యాబ్‌లో పెట్టినప్పుడు అలా మార్కులు పెరిగి కనిపించడం చాలావరకు తగ్గింది.

పదో తరగతి ఉత్తీర్ణత శాతాన్ని ఏళ్ల తరబడి గీతగా గీసేవారు ఇంకో ఉచ్చులో పడతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 94.88 శాతంగా ఉన్న ఉత్తీర్ణత 2022లో 67.26 శాతానికి దిగింది. ఈ మధ్యకాలంలో కోవిడ్ వచ్చి బడులు మూతపడ్డాయి, రెండేళ్లు పరీక్షలే లేకుండా అందరినీ ఉత్తీర్ణులుగా ప్రకటించారు, అంతర్గత మార్కులు తొలగించారు, ప్రశ్నపత్రాల సంఖ్య తగ్గించారు. ఇన్ని మారిన తర్వాత ఆ దాదాపు 28 శాతం పాయింట్ల తగ్గుదలలో బోధన వాటా ఎంతో ఆ రెండు అంకెల నుంచి ఎవరూ విడదీయలేరు. కొలబద్దే మారినప్పుడు వస్తువు పొట్టిదైందో, గజం పొడవైందో తెలియదు.

ఉపాధ్యాయుల గైర్హాజరు 25 శాతమా, 2.5 శాతమా? రెండూ పరిశోధనల్లో కనిపిస్తున్నాయి.

ఆ రెండు అంకెలూ నిజమైన అధ్యయనాల్లోవే. మైఖేల్ క్రెమర్, కార్తీక్ మురళీధరన్ తదితరులు 2003లో దేశంలోని 20 రాష్ట్రాల్లో, సుమారు 3,700 పాఠశాలలకు ముందు చెప్పకుండా వెళ్లి చూసినప్పుడు, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయుల్లో నాలుగో వంతు మంది బడిలో కనిపించలేదు. అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ 2017లో ఆరు రాష్ట్రాల్లోని 619 పాఠశాలలను చూసి, కారణం లేకుండా రానివారు దాదాపు 2.5 శాతమేనని చెప్పింది. అయితే బడిలో లేనివారందరినీ కలిపితే ఈ రెండో అధ్యయనంలోనూ అది 18 శాతం దాటింది. సెలవు పెట్టినవారు, శిక్షణకు వెళ్లినవారు, అధికారిక పనిమీద మండల కార్యాలయానికి వెళ్లినవారు ఆ మిగతా భాగం.

ఉపాధ్యాయుడి నిజాయితీ మీ ప్రశ్న అయితే చిన్న అంకె మీకు కావాలి. తరగతిలో పంతులుగారు లేని పిల్లవాడికి ఏం నష్టం జరిగిందన్నది మీ ప్రశ్న అయితే పెద్ద అంకె కావాలి, ఎందుకంటే ఎన్నికల విధికి వెళ్లినా ఊరికే ఎగ్గొట్టినా పిల్లవాడికి పాఠం పోయినట్లే. ప్రశ్న చెప్పకుండా అంకె మాత్రమే ఎత్తుకుని ఇరుపక్షాలూ వాదించుకోవడం వల్ల ఈ చర్చ ఇన్నేళ్లయినా ముందుకు సాగలేదు.

ఇంగ్లిషు ప్రశ్నావళిని తెలుగులోకి అనువదించి వాడితే సరిపోతుందా?

మా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ పరిశోధనలు చెడిపోయేది ఇక్కడే, అన్నిటికంటే తక్కువ శ్రద్ధ పెట్టేదీ ఇక్కడే. ఆత్మగౌరవం, ఒత్తిడి, ఉద్యోగ సంతృప్తి, వైఖరి వంటి భావనలను కొలిచే మాపనులను అమెరికాలోనో మరోచోటనో తయారుచేశారు. వాటిని ఒకరు తెలుగు చేయడం, మరొకరు ఆ తెలుగును మళ్లీ ఇంగ్లిషు చేసి చూడటం మంచి అలవాటే. అది మాట సరిపోయిందో లేదో చెబుతుంది గానీ, ఆ మాట విన్న మనిషి మనసులో ఏం మెదిలిందో చెప్పదు. "ఆత్మగౌరవం" అన్న మాటనే తీసుకోండి. తెలుగునాట ఆ మాట వినగానే చాలామందికి రాజకీయ చరిత్ర, సామాజిక ఉద్యమాలు గుర్తుకొస్తాయి. తనపై తనకున్న మంచి అభిప్రాయం అనే మనస్తత్వశాస్త్ర భావన దానికి కాస్త దూరంగానే ఉంటుంది.

ఇక అయిదు మెట్ల మాపని. పూర్తిగా ఏకీభవిస్తాను, ఏకీభవిస్తాను, తటస్థం, ఏకీభవించను, అసలు ఏకీభవించను అని అయిదు గళ్లు గీసుకుని పల్లెలోకి వెళ్లిన పరిశోధకుడికి దొరికే జవాబు చాలాసార్లు "పర్వాలేదండీ" అని. ఈ "పర్వాలేదు" ఏ గడిలో పడాలి? బాగుందని మర్యాదగా చెప్పడం కావచ్చు, బాగాలేదని మెత్తగా చెప్పడం కావచ్చు, ఈ సంభాషణ ఇక చాలునన్న సూచన కావచ్చు. స్వరాన్ని బట్టి, చూపును బట్టి మనకు తెలుస్తుంది, గడికి తెలియదు. నలుగురు క్షేత్ర పరిశోధకులు దాన్ని నాలుగు రకాలుగా నమోదు చేస్తే, ఆ తర్వాత లెక్కించిన అంకమధ్యమం (సగటు) ఊరివాళ్ల సంతృప్తిని కాక ఆ నలుగురి స్వభావాలను చెబుతుంది.

మరొక తలనొప్పి వ్యతిరేకార్థక వాక్యాలు. "నాకు ఈ ఉద్యోగం నచ్చలేదని అనలేను" అన్న వాక్యానికి "ఏకీభవించను" అని జవాబిస్తే అర్థమేమిటో కాసేపు కాగితం మీద రాసుకుంటే తప్ప రాసినవారికే తెలియదు.

క్రోన్‌బాక్ ఆల్ఫా 0.7 దాటింది కాబట్టి మాపని బాగుందని రాయడం మన సిద్ధాంత గ్రంథాల్లో ఆనవాయితీ. ఆల్ఫా చెప్పేది అంశాలు ఒకదానితో ఒకటి పొందికగా ఉన్నాయని. అంటే అది విశ్వసనీయతలో ఒక భాగం. సప్రమాణత గురించి, అంటే కొలవదలచినదాన్నే కొలుస్తున్నామా అన్నదాని గురించి, అది ఏమీ చెప్పదు. ఒకే ప్రశ్నను పది రకాలుగా తిప్పి అడిగినా ఆల్ఫా అద్భుతంగా వస్తుంది. దీనికి తరుణోపాయం ఖరీదైనదేమీ కాదు. అసలు సర్వేకు ముందు పదిమందిని కూర్చోబెట్టి, ఒక్కొక్క ప్రశ్న చదివి, "దీన్ని మీ మాటల్లో చెప్పండి, ఏమడుగుతున్నానని మీకనిపించింది?" అని అడగండి. సగం ప్రశ్నలు ఆ మధ్యాహ్నమే మార్చవలసి వస్తుంది.

నా నమూనాలో 600 మంది విద్యార్థులున్నారు. ఇది పెద్దదే కదా?

ఆ 600 మంది ఎన్ని బడుల నుంచి వచ్చారన్నదాన్ని బట్టి ఉంటుంది. 20 బడుల్లో బడికి 30 మంది చొప్పున తీసుకున్నారనుకుందాం. ఒకే బడి పిల్లలకు ఒకే ఉపాధ్యాయులు, ఒకే ఊరు, చాలావరకు ఒకే రకం కుటుంబాలు ఉంటాయి కాబట్టి వాళ్ల మార్కులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. మార్కుల్లోని మొత్తం తేడాలో నాలుగో వంతు బడుల మధ్య తేడాయే అనుకుంటే, లెక్క ఇలా వస్తుంది: బడికి 30 మందిలోంచి ఒకటి తీసేస్తే వచ్చే 29ని 0.25తో హెచ్చించి 1 కలిపితే 8.25. మీ 600ను దానితో భాగిస్తే సుమారు 73. అంటే మీ దగ్గరున్న సమాచారం యాదృచ్ఛికంగా విడివిడిగా ఎంచుకున్న 73 మంది పిల్లల సమాచారంతో సమానం. వండిన అన్నంలో ఒక మెతుకు పట్టి చూస్తే చాలునంటాం. ఆ గిన్నె మొత్తం ఒకేలా ఉడుకుతుంది కనుక అది నిజం. అదే గిన్నెలోంచి ఇంకో 29 మెతుకులు పట్టి చూసినంత మాత్రాన పక్కింటి గిన్నె సంగతి తెలియదు. బడిలో పిల్లల సంఖ్య పెంచడం కంటే బడుల సంఖ్య పెంచడం మేలు.

ప్రైవేటు బడిలో చదివిన పిల్లలకు ఎక్కువ మార్కులొస్తే, ఆ బడి బాగున్నట్లు కాదా?

ఆ నిర్ణయానికి ముందు రెండు రకాల బడుల పిల్లల ఇళ్లను చూడాలి. ఫీజు కట్టగలిగిన తల్లిదండ్రుల చదువు, ఆదాయం, ట్యూషన్, ఇంట్లో పుస్తకాలు అన్నీ బడి పేరుతో కలిసి మార్కుల్లో కనిపిస్తాయి. ఎంపిక పక్షపాతం అని పుస్తకాల్లో ఉండేది ఇదే. తండ్రి ఆదాయం, తల్లి చదువు లెక్కలోకి తీసుకుని సర్దుబాటు చేశామని చెప్పేవారు కూడా, పిల్లల చదువుపై ఆ ఇంటివాళ్లకున్న పట్టుదలను ఏ గడిలో నమోదు చేశారో చెప్పలేరు.

దీన్ని దాటడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో మొదలైన ఒక ప్రయోగం చాలా దూరం వెళ్లింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అయిదు జిల్లాల్లోని 180 గ్రామాలను తీసుకుని, ప్రైవేటు బడిలో చదవడానికి అయ్యే ఖర్చు భరించే వోచర్లు ముందు ఏ గ్రామాల్లో ఇవ్వాలో లాటరీ వేశారు. తర్వాత ఆ గ్రామాల్లో దరఖాస్తు చేసుకున్న ప్రభుత్వ బడి పిల్లల్లో ఎవరికి ఇవ్వాలో మళ్లీ లాటరీ వేశారు. రెండు లాటరీలు ఎందుకంటే, కొందరు పిల్లలు ప్రైవేటు బడికి వెళ్లిపోతే ప్రభుత్వ బడిలో మిగిలినవారిపై, ఆ ప్రైవేటు బడిలో అప్పటికే ఉన్నవారిపై పడే ప్రభావం కూడా తెలియాలి. ఒకే ఊళ్లో గెలిచినవారిని, ఓడినవారిని పోల్చితే ఆ ప్రభావం కనబడదు.

నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, గణితంలో లాటరీ గెలిచినవారికీ గెలవనివారికీ తేడా లేదు. అక్కడితో ఆగి ఉంటే ప్రైవేటు బడి వల్ల లాభం లేదని రాసేవాళ్లం. కానీ ఆ పరిశోధకులు బడుల సమయపట్టికలు కూడా సేకరించారు. ప్రైవేటు బడులు తెలుగుకు, గణితానికి తక్కువ సమయమిచ్చి, ఆ సమయాన్ని మిగతా విషయాలకు మళ్లించాయి. వాటిలో ఆ స్థాయి ప్రభుత్వ బడుల్లో చెప్పని హిందీ ఒకటి. హిందీలో లాటరీ గెలిచిన పిల్లలు స్పష్టంగా ముందున్నారు. పైగా ప్రైవేటు బడుల్లో ఒక్కో విద్యార్థిపై అయ్యే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కంటే తక్కువ. ఇంతకీ ప్రైవేటు బడి మెరుగైనదా? ఏ విషయాల్లో పరీక్ష పెట్టాలని ఎంచుకుంటామో దాన్నిబట్టి జవాబు మారుతుంది. లాటరీ ఎంపిక పక్షపాతాన్ని తొలగించింది, ఏది కొలవాలన్న నిర్ణయం మాత్రం పరిశోధకుడి నెత్తినే మిగిలింది.

లాటరీ వేసి ప్రయోగం చేస్తే కార్యకారణ సంబంధం రుజువైనట్లే అంటారు. ఇంకా ఏం మిగిలింది?

చాలానే మిగిలింది. ఉమ్మడి రాష్ట్రంలోనే 2005లో మొదలైన మరో ప్రయోగం, పిల్లల మార్కులు పెరిగితే ఉపాధ్యాయులకు బోనస్ ఇవ్వడం గురించినది. 300 ప్రభుత్వ గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో వందింటిలో ఉపాధ్యాయులకు విడివిడిగా, వందింటిలో బడి మొత్తానికి ఉమ్మడిగా బోనస్ ప్రకటించి, మిగిలిన వందింటిని నియంత్రిత సమూహంగా ఉంచారు. సగటు మార్కులు 5 శాతానికి మించి పెరిగితే ఆపై ప్రతి ఒక్క శాతానికి 500 రూపాయలు. రెండేళ్లకు బోనస్ బడుల పిల్లలు గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) మేర ముందున్నారు. పరీక్షకు బట్టీ పట్టించి ఉంటారన్న అనుమానం సహజం కనుక, ప్రశ్నపత్రంలో బట్టీకి లొంగని ప్రశ్నలు కూడా పెట్టారు. బోనస్ లేని సామాన్య, సాంఘిక శాస్త్రాల్లోనూ పరీక్ష పెట్టారు. రెండు చోట్లా ఆ పిల్లలే ముందున్నారు. ఇంత జాగ్రత్త తీసుకున్న అధ్యయనంలో కూడా వ్యవధి ఒక సమస్యే అయింది. మొదటి ఏడాది ఉమ్మడి బోనస్, విడి బోనస్ సమానంగా కనిపించాయి. అయిదేళ్లు పూర్తిచేసుకున్న పిల్లలను చూస్తే విడి బోనస్ ప్రభావం నిలిచింది, ఉమ్మడి బోనస్ ప్రభావం సార్థకంగా, అంటే కేవలం యాదృచ్ఛికం కాదని చెప్పగలిగినంతగా, మిగల్లేదు. ఏడాదికే ప్రచురించి చేతులు దులుపుకున్నవారికి ఈ తేడా తెలిసేది కాదు.

ఇంతకంటే లోతైన పాఠం అదే కార్యక్రమంలో బడులకు నేరుగా నిధులిచ్చిన భాగం నేర్పింది. ఊహించని నిధి అందిన మొదటి ఏడాది పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాది కూడా నిధి వచ్చింది, మార్కులు మాత్రం పెరగలేదు. బడిలో పుస్తకాలు, సామగ్రి ఇస్తారని ముందే తెలిసిన తల్లిదండ్రులు తాము పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు. ఆ నిర్ణయంలో తెలివితక్కువ ఏమీ లేదు, ఏ ఇల్లయినా అదే చేస్తుంది. కానీ పరిశోధకుడికి మాత్రం రెండు వేర్వేరు ప్రశ్నలు ఎదురవుతాయి: మిగతావన్నీ యథాతథంగా ఉంచి పుస్తకాలు ఇస్తే ఏమవుతుంది, ప్రభుత్వం పుస్తకాలిచ్చే విధానం పెడితే ఏమవుతుంది. మొదటిదానికి దొరికిన జవాబును రెండోదానికి వాడితే పథకం విఫలమవుతుంది, పరిశోధన అబద్ధమన్న పేరు వస్తుంది.

ఎవరు అమలు చేశారన్నది మూడో చిక్కు. కెన్యాలో ఒప్పంద ఉపాధ్యాయుల పథకాన్ని ఒక స్వచ్ఛంద సంస్థ నడిపిన బడుల్లో మార్కులు పెరిగాయి. అదే పథకాన్ని, అదే ప్రయోగంలో భాగంగా, ప్రభుత్వం నడిపిన బడుల్లో పెరగలేదు.

పరిశోధకుడు గమనిస్తున్నాడని తెలిస్తే ఉపాధ్యాయులు మారిపోరా?

మారతారు. షికాగో సమీపంలోని హాథోర్న్ కర్మాగారం పేరుతో ఈ ప్రభావాన్ని పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. విచిత్రమేమిటంటే, ఆ కర్మాగారపు దీపాల ప్రయోగ దత్తాంశాన్ని 2011లో లెవిట్, లిస్ట్ మళ్లీ విశ్లేషిస్తే, పాఠ్యపుస్తకాలు చెప్పినంత ప్రభావం అందులో కనిపించలేదు. దానికంటే మంచి ఉదాహరణ మన దగ్గరే ఉంది. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బడుల్లో వంద బడుల ఉపాధ్యాయులకు పిల్లల బలహీనతలపై వివరమైన నివేదికలిచ్చి, తరగతుల్ని గమనిస్తూ వచ్చారు. గమనించిన రోజుల్లో ఆ ఉపాధ్యాయులు మిగతావారికంటే బాగా పనిచేశారు. ఏడాది చివర స్వతంత్ర పరీక్షలో వాళ్ల పిల్లలకు మిగతావారికంటే ఒక్క మార్కు లాభం కూడా చెప్పుకోదగ్గట్టు రాలేదు. తరగతి పరిశీలననే ఫలితంగా తీసుకుని నివేదిక రాసి ఉంటే అది ఘనవిజయమయ్యేది. మన శిక్షణ కార్యక్రమాల మదింపుల్లో చాలావాటికి తరగతి పరిశీలనా పత్రమే ఏకైక ఆధారం.

"సార్థక భేదం లేదు" అంటే భేదం లేదనే కదా?

కాదు, చూడగలిగినంత నమూనా లేదని కూడా కావచ్చు. బాలబాలికల మధ్య ప్రామాణిక విచలనంలో 0.3 వంతు నిజమైన తేడా ఉందనుకుందాం. వర్గానికి 50 మందితో, రెండు సగటులను పోల్చే టి-పరీక్ష వేస్తే, దాదాపు మూడింట ఒక వంతు సందర్భాల్లోనే అది 0.05 స్థాయిలో సార్థకంగా తేలుతుంది. మిగిలిన సందర్భాల్లో మన పరిశోధకుడు తేడా లేదన్న శూన్య పరికల్పనను "అంగీకరించడమైనది" అని రాసి, అక్కడినుంచి విద్యావిధానానికి సూచనలు కూడా చేస్తాడు.

దీనికి ఎదురు దిక్కున ఇంకో జబ్బుంది. లింగం, ప్రాంతం, యాజమాన్యం, మాధ్యమం, అనుభవం అని అయిదు చలరాశులు, వైఖరిలో నాలుగు ఉపాంశాలు తీసుకుంటే ఇరవై టి-పరీక్షలవుతాయి. ఎక్కడా నిజమైన తేడా లేకపోయినా, ఆ పరీక్షలు ఒకదానిపై ఒకటి ఆధారపడకపోతే, కనీసం ఒక్కటైనా "సార్థకం" అని తేలే అవకాశం 64 శాతం. ఆ ఒక్కదాని చుట్టూ చర్చ అధ్యాయం అల్లుతారు. మూసలో పోసినట్టు వచ్చే ఈ సిద్ధాంత గ్రంథాలకు తప్పు పట్టవలసింది విద్యార్థులను కాదు, గత గ్రంథం చూసి అలాగే చేయమనే అలవాటును.

వెనకబడిన బడులను ఎంచుకుని శిక్షణ ఇచ్చాం, మరుసటి ఏడాది మెరుగయ్యాయి. ఇది విజయం కాదా?

అట్టడుగున ఉన్న బడుల్లో కొన్ని ఆ ఏడాది దురదృష్టం వల్ల అక్కడికి చేరినవి. శిక్షణ ఇవ్వకపోయినా వాటిలో చాలావరకు మరుసటి ఏడాది సగటు వైపు జరుగుతాయి. అంతే అట్టడుగున ఉండి శిక్షణ పొందని బడులు కొన్నింటిని పక్కన పెట్టుకుని పోల్చండి.

యంగ్ లైవ్స్ సర్వే నుంచి మన రాష్ట్రాల బాలల శాతాలు చెప్పవచ్చా?

చెప్పకూడదు, ఆ అధ్యయనమే అందుకోసం రూపొందలేదు. ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో మొదలై, సుమారు 3,000 మంది పిల్లలను పెద్దయ్యేవరకు వెంబడించిన అరుదైన అధ్యయనమిది. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్ జిల్లాల్లో పేదరికాన్ని దృష్టిలో పెట్టుకుని 20 ప్రాంతాలను ఎంచుకున్నారు. ఆ ప్రాంతాల్లో పిల్లలను మాత్రం యాదృచ్ఛికంగా తీసుకున్నారు. ఒకే పిల్లవాడు ఎనిమిదేళ్లప్పుడు ఎలా ఉన్నాడు, పందొమ్మిదేళ్లప్పుడు ఏమయ్యాడు అని అడగడానికి దీనికి సాటి లేదు. "తెలంగాణలో ఇంత శాతం బాలికలు" అని మొదలయ్యే వాక్యానికి ఇది ఆధారం కాదు.

సర్వే జవాబుకూ పథకానికీ సంబంధం ఉందని జనం అనుకుంటే ఏమవుతుంది?

2014 ఆగస్టు 19న తెలంగాణలో జరిగిన సమగ్ర కుటుంబ సర్వేను గుర్తుచేసుకోండి. లెక్కలో లేకపోతే రేషన్ కార్డు, పింఛను పోతాయన్న భయంతో వలస వెళ్లినవాళ్లు బస్సుల్లో, రైళ్లలో కిక్కిరిసి సొంత ఊళ్లకు వచ్చారు. ఆ ఒక్కరోజు ఎవరు ఎక్కడ ఉన్నారన్నది మామూలు రోజు ఎవరు ఎక్కడ ఉంటారన్నదానికి అద్దం పట్టదు. మీది చిన్న సర్వే అయినా, ఆదాయం అడిగితే తగ్గించి, అవసరాలు అడిగితే పెంచి చెబుతారు. పెన్ను, కాగితం పట్టుకుని వచ్చిన ప్రతి మనిషీ ఊళ్లో ప్రభుత్వం మనిషే.

గుణాత్మక పరిశోధనకు ఈ సమస్యలు లేవు కదా?

సంఖ్యలు లేనంత మాత్రాన నమూనా సమస్య పోదు, మరో రూపంలో వస్తుంది. ఎవరి వాకిట్లో కూర్చుని ఊరిని చూశారన్నదే అక్కడ నమూనా. సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు ప్రాంతపు రాంపురలో ఉన్నప్పుడు పైకులాల వీధి నుంచి ఊరిని చూశాననీ, దళితుల జీవితం తనకు ఆ మేరకు దూరమైందనీ తరువాత తానే ఒప్పుకున్నాడు. హైదరాబాదు సమీపంలోని శామీర్‌పేటను 1951-52లో ఎస్.సి. దూబే అధ్యయనం చేసినప్పుడు, ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన బృందం వైద్యం, వ్యవసాయం, పశువైద్యం వంటి సేవలు కూడా అందించింది. ఊరి తలుపులు తెరుచుకోవడానికి అది సాయపడి ఉంటుంది. మందు ఇచ్చిన చేతికి జనం ఏం చెబుతారు, ఏం దాస్తారు అన్న ప్రశ్న కూడా దానితో పాటే వస్తుంది. కాబట్టి మీ గ్రంథంలో ఊరికి ఎవరి పరిచయంతో వెళ్లారో, ఎక్కడ బస చేశారో, ఏ వాడకు ఎన్నిసార్లు వెళ్లారో, ఎవరు మాట్లాడటానికి ఇష్టపడలేదో రాయండి. "30 మందిని ఇంటర్వ్యూ చేశాను" అన్న వాక్యం కంటే ఆ వివరం విలువైనది.

బడి పిల్లలపై పరిశోధనకు ప్రధానోపాధ్యాయుడి అనుమతి చాలదా?

చాలదు. ఖమ్మం జిల్లాలో 2009లో బాలికలకు హెచ్‌పీవీ (గర్భాశయ ముఖ క్యాన్సర్ నివారణ) టీకా ఇచ్చిన ప్రదర్శక ప్రాజెక్టు దీనికి చేదు ఉదాహరణ. విచారణలో, తల్లిదండ్రులు సంతకం చేయవలసిన వేలాది పత్రాలపై హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసినట్లు బయటపడింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. అది వైద్య రంగానిది, మనది ప్రశ్నావళి మాత్రమేనని తప్పించుకోలేం. తరగతిలో సారు అందరికీ కాగితాలు పంచి నింపమన్నప్పుడు, నింపనని లేచి చెప్పగల పిల్లవాడు ఎక్కడా ఉండడు. అలా వచ్చిన నూరు శాతం స్పందన ఆ సారుపై ఉన్న భయానికి కొలత.

ఒకరు చేసిన పరిశోధనను మళ్లీ చేస్తే కొత్తదనం లేదంటారు. నిజమేనా?

వంద మనస్తత్వశాస్త్ర అధ్యయనాలను మళ్లీ చేసి చూసిన ఫలితాలు 2015లో వచ్చాయి. మొదటిసారి వాటిలో 97 శాతం సార్థక ఫలితమిచ్చినవి, రెండోసారి 36 శాతమే అలా ఇచ్చాయి. విద్యారంగంలో పరిస్థితి ఇంకా విచిత్రం: వంద ప్రముఖ విద్యా పత్రికలను మేకెల్, ప్లకర్ పరిశీలిస్తే, పునఃపరిశోధనలు ప్రచురిత వ్యాసాల్లో 0.13 శాతమే ఉన్నాయని 2014లో తేలింది. అంటే అక్కడ ఫలితాలు నిలుస్తాయో లేదో దాదాపుగా పరీక్షించనే లేదు. ఇరవై ఏళ్ల క్రితం ఇదే జిల్లాలో చేసిన అధ్యయనాన్ని అవే పరికరాలతో మళ్లీ చేసే ఎం.ఎడ్. విద్యార్థి, "ఒక అధ్యయనం" అని ముగిసే కొత్త శీర్షికను కనిపెట్టినవాడి కంటే ఎక్కువ ఉపకారం చేస్తాడు.

నాకు ఆరు నెలల సమయం, సొంత ఖర్చులు. ఇవన్నీ ఎలా పాటించగలను?

అన్నీ పాటించలేరు, అవసరమూ లేదు. చలరాశులు అయిదు కాక ఒకటి తీసుకోండి. అంతర్జాలంలో ఫారం పంపి వచ్చిన జవాబులను "రాష్ట్ర ఉపాధ్యాయులు" అని పిలవకండి, అవి మీ వాట్సాప్ బృందాల ఉపాధ్యాయుల జవాబులు. ఏ ప్రధాన పోలిక చేయబోతున్నారో దత్తాంశం సేకరించక ముందే ఒక కాగితంపై రాసి, తేదీ వేసి, మీ మార్గదర్శకుడి సంతకం తీసుకోండి. ఎన్ని బడులకు వెళ్లారో, ఎన్ని బడులు రానివ్వలేదో, ఎంతమంది పిల్లలు ఆ రోజు రాలేదో లెక్క రాసుకోండి. రాని పిల్లల పేర్లు హాజరుపట్టికలో ఉంటాయి. వీలైతే వాళ్లలో నలుగురి ఇంటికి సాయంత్రం వెళ్లి రండి.